రాచపుండు ముందే కబురు పంపుతుంది

“నోరు మంచిదైతే వూరు మంచిది” అన్నారు పెద్దలు. వారు మాటతీరును వుద్దేశించి అన్నారు గాని, వైద్యులు ఆ సామెతను ఉన్న అర్థంలోనే వాడుకోవచ్చు. రోజూ ఉదయం పళ్లు తోముకుంటాం, పుక్కిలిస్తాం, నాలుక గీసుకుంటాం. ఆ మీదట అద్దంలో ముఖం చూసుకుంటాం, తల దువ్వుకుంటాం, బొట్టు దిద్దుకుంటాం. అయితే, పాఠకులారా, మీ అంగిలి ఏ రంగులో వుంటుందో మీకు తెలుసునా? మీ నాలుక అంచు ఎలా వుంటుందో, దాని అడుగున ఏమున్నదో ఏనాడైనా చూశారా? మనలో చాలామంది పుట్టి బుద్ధెరిగిన తరువాత ఒక్కసారి కూడా చూసి వుండరు. పంటి పోటు వస్తే తప్ప మనం ఎవరి ముందూ నోరు తెరవం.

ఈ అలవాటు లేకపోవడం వల్ల ప్రాణాలే పోతున్నాయి. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం పెదవి, నోటి కాన్సరు మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే లక్షా నలభై వేలమందికి పైగా సోకింది. ప్రపంచం మొత్తంమీద ఈ జబ్బు వచ్చినవారిలో మూడోవంతుకు పైగా మనవాళ్ళే. భారతదేశపు మగవారికి వచ్చే కాన్సర్లన్నింటిలోను దీనిదే మొదటి స్థానం.

ఇంతకంటె విడ్డూరమైన సంగతి మరొకటి వున్నది. కడుపులోనో, ఊపిరితిత్తుల్లోనో పుట్టే కాన్సరును కనిపెట్టడానికి ఎన్నో యంత్రాలు కావాలి. నోటిలో పుట్టేదాన్ని చూడడానికి ఒక టార్చిలైటు చాలు. అయినా మన దేశంలో ఈ రోగులలో సగానికి పైగా జబ్బు ముదిరిన తరువాతనే ఆసుపత్రి గుమ్మం ఎక్కుతున్నారు. కంటికి కనిపించే జబ్బు కనిపించకుండా పోవడమేమిటి? అది పుట్టే తీరు ఏమిటి? దాన్ని ముందుగా పట్టుకోవడం సాధ్యమేనా? ఈ ప్రశ్నలకు జవాబులు వెదికిన కథలో మన ఆంధ్రదేశానికి ముఖ్యమైన పాత్ర వున్నది.

చుట్ట, తాంబూలం, పొట్లం

బెజవాడ నుండి బందరు రోడ్డున పదిహేను పదహారు కిలోమీటర్లు వెళితే కంకిపాడు వస్తుంది. చుట్టూ కృష్ణ కాలువల కింద సాగయ్యే వరిపొలాలు. ఈ డెల్టా గ్రామాలలో భోజనమైన తరువాత తాంబూలం మర్యాద. పేరంటానికి వచ్చిన ముత్తయిదువ తాంబూలం పుచ్చుకోకుండా వెళ్ళదు. పాతతరం రైతు గట్టు మీద కూర్చుంటే చుట్ట వెలిగించవలసిందే. గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపడ్డది. గుంటూరు సీమకు వర్జీనియా పొగాకు సిరులు తెచ్చిపెట్టింది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమహేంద్రవరంలో వెలిసింది. పొగాకు బోర్డు 1976లో గుంటూరులో ఏర్పడింది. అంటే మనకు పొగాకు పరాయిది కాదు, ఎన్నో కుటుంబాలకు కూడుగుడ్డ పెట్టిన పంట.

కాలం మారింది. చుట్ట తాతలతోబాటు వెనుకబడుతున్నది. దాని స్థానంలో ఖైనీ పొట్లం, గుట్కా పొట్లం వచ్చాయి. గుట్కా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధిస్తే, వక్కపొడి మసాలా ఒక పొట్లంలోను, పొగాకు మరొక పొట్లంలోను అమ్మడం మొదలైంది. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటాడు. చుట్ట కాల్చేవాణ్ణి వాసనే పట్టి యిస్తుంది. దవడలో ముద్ద అదిమి పెట్టుకున్న కుర్రవాణ్ణి ఎవరు కనిపెడతారు? తరగతిలో కూర్చున్నా, ఆటో నడుపుతున్నా, నాట్ల వేళ పొలంలో వున్నా ఎవరికీ అనుమానం రాదు.

తాంబూలానికి, కాన్సరుకు సంబంధం వున్నదా అనే ప్రశ్న కొత్తది కాదు. 1933లోనే తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రి వైద్యుడు ఐ. ఎం. ఆర్, తాంబూలం నమిలేవారికి వచ్చే నోటి కాన్సరును గురించి ఇంగ్లండులోని ‘లాన్సెట్’ పత్రికలో వ్రాశాడు. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రారంభమైన తరువాత అక్కడి శాస్త్రజ్ఞుడు వి. ఆర్. ఖనోల్కర్ దేశం నలుమూలలనుండి వచ్చే రోగులను పరిశీలించాడు. ఏ ప్రాంతంవారికి ఏ అలవాటు వుంటే, ఆ అలవాటునుబట్టి కాన్సరు పుట్టే చోటు మారుతున్నదని గమనించాడు. పొగాకు ముద్ద ఎక్కడ పెట్టుకుంటే అక్కడనే పుండు. ఈ మాటకు ప్రపంచంలో మరెక్కడా దొరకనంత గట్టి సాక్ష్యం మన ఉత్తరాంధ్ర తీరంలో దొరికింది.

అడ్డపొగ చెప్పిన పాఠం

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల పల్లెలలో, ముఖ్యంగా ఆడవారిలో, ఒక చిత్రమైన అలవాటు వుండేది. చుట్టను వెలిగించి, నిప్పు వున్న కొసను నోటి లోపల పెట్టుకొని కాలుస్తారు. దీన్నే ‘అడ్డపొగ’ అంటారు. గాలికి చుట్ట ఆరిపోకుండా వుంటుందనీ, ఎక్కువసేపు మన్నుతుందనీ చెబుతారు. చేతులు పనిలో వున్నా చుట్ట నోటిలో తన పని తాను చేసుకుపోతుంది. కొత్తవారికి చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది గాని, అలవాటున్న అవ్వలు అలాగే మాట్లాడుతూ, నీళ్లు తోడుతూ, చేపలు ఎండబెట్టుకుంటూ వుంటారు. ఈ అలవాటు ఇటలీ దేశపు సార్డీనియా దీవిలోను, దక్షిణ అమెరికాలోని కొలంబియా, వెనిజులాల్లోను, ఫిలిప్పీన్సులోను కూడా కనిపించింది.

సాధారణంగా గట్టి అంగిలికి కాన్సరు రావడం అరుదు. ప్రపంచంలో చాలాచోట్ల డాక్టరు ఏళ్ల తరబడి పనిచేసినా అటువంటి రోగులు ఏ కొద్దిమందో కనిపిస్తారు. కాని కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సర్లు వరుసగా వచ్చాయి. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే వైద్యులు ఈ విషయాన్ని వైద్య పత్రికలో ప్రకటిస్తూ, నిప్పు కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చడమే దీనికి కారణమని వ్రాశారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీకి చెందిన సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి 1970 దశకంలో ఈ పరిశోధనను మరింత ముందుకు నడిపారు.

దీనిలోని తర్కం చదువురానివారికి కూడా అర్థమవుతుంది. అదే జిల్లా, అదే తిండి, అదే నీరు, అదే పొగాకు. చుట్టను తిన్నగా కాల్చినవారి అంగిలికి రాని జబ్బు, తిప్పి కాల్చినవారి అంగిలికి వస్తున్నది. నిప్పు చోటు మారితే పుండు చోటు మారింది. అంటే ఇది తలవ్రాత కాదు, వంశపారంపర్యంగా వచ్చిన శాపమూ కాదు. ఆ తాకిడి ఎక్కడ పడితే అక్కడి కండ చెడుతున్నది.

ఇల్లిల్లూ తిరిగిన డాక్టర్లు

ఆసుపత్రికి వచ్చినవారిని చూస్తే జబ్బు ముగింపు కనిపిస్తుందేగాని మొదలు కనిపించదు. మొదలు చూడాలంటే ఆరోగ్యంగా తిరుగుతున్నవారి నోళ్ళు చూడాలి. 1960 దశకంలో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చికి చెందిన ఫాలీ మెహతా, ఆయన సహచరులు ఈ పని తలపెట్టారు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్ వారితో చేయి కలిపాడు. ఆంధ్రలో శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, బీహారులో ఆనాటి సింగ్‌భూమ్, దర్భంగా జిల్లాలను ఎన్నుకున్నారు. పల్లెలకు వెళ్లి, గడప గడప ఎక్కి, 50,915 మంది నోళ్ళు పరీక్షించారు. ఆ వివరాలు 1969లో వెలువడ్డాయి.

శ్రీకాకుళం జిల్లాలో చూసిన 10,169 మంది గ్రామస్థుల సంగతి 1971లో ప్రత్యేకంగా ప్రకటించారు. వారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ అలవాటున్నవారే. వారి అంగిళ్లలో వింత వింత మార్పులు కనిపించాయి. కొందరికి అంగిలి పాలిపోయి తెల్లబారింది. కొందరికి చిన్న చిన్న బొడిపెలు, వాటి నడుమ ఎర్రని చుక్కలు. మరికొందరికి దట్టమైన తెల్లమచ్చలు. వీరిలో చాలామంది తమకు ఏ జబ్బూ లేదనుకుంటున్నారు. నొప్పి లేదు, నెత్తురు లేదు.

పరిశోధకులు అంతటితో వదలిపెట్టలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో అవే ఇళ్ళకు పదేళ్లపాటు మళ్ళీ మళ్ళీ వెళ్లి అవే నోళ్ళు చూశారు. కొత్తగా కాన్సరు వచ్చినవారి పాత కాగితాలు తిరగవేస్తే, దాదాపు ప్రతివారికీ అంతకుముందే నోటిలో ఏదో ఒక మచ్చో, మార్పో వున్నట్లు తేలింది. శుభ్రంగా వున్న నోటిలో రాత్రికి రాత్రి కాన్సరు ఊడిపడదు. అది రాబోయేముందు ఏళ్ల తరబడి కబురు పంపుతూనే వుంటుంది. చదివేవారు లేక ఆ కబురు వృథా అవుతున్నది.

పొర లోపల ఏమి జరుగుతుంది?

నోటి లోపలి గోడ మీద పలుచని పొర ఒకటి వున్నది. అది గోడకు ఇటుకలు పేర్చినట్లు జీవకణాల వరుసలతో ఏర్పడింది. అట్టడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ కొత్తవాటిని పుట్టిస్తాయి. అవి క్రమంగా పైకి జరిగి, చివరకు రాలిపోతాయి. కారం, వేడి, గట్టి తిండి ఎన్ని తాకినా నోరు త్వరగా మానడానికి కారణం ఇదే. సుమారు రెండు వారాలలో ఈ పొర కొత్తది అవుతుంది. నాలుక కొరుక్కున్న గాయం నాలుగైదు రోజులలో మాయం కావడం మనందరికీ అనుభవమే.

పొగాకును ఎండబెట్టి పదును చేసేటప్పుడే దానిలో నైట్రొసమైన్లు అనే విషపదార్థాలు తయారవుతాయి. కాలిస్తే పుట్టే పొగలో మరికొన్ని చేరతాయి. ఇవి కణాలలోనికి దిగి, కణం నడకను శాసించే డి.ఎన్.ఏ. అనే పదార్థానికి అతుక్కుంటాయి. కణం తన తప్పులు తాను దిద్దుకోగలదు. కాని రోజుకు పదిసార్లు, ఇరవైయేళ్లపాటు అదే దెబ్బ అదే చోట తగులుతుంటే కొన్ని తప్పులు దిద్దుబాటుకు లొంగకుండా మిగిలిపోతాయి. విభజనను అదుపులో పెట్టే జన్యువులే చెడిపోతే ఇక అడ్డేమున్నది? 1979లో కనుగొన్న పి53 అనే ప్రొటీను అటువంటి కాపలాదారులలో ఒకటి. నోటి కాన్సర్లలో చాలావాటిలో ఈ కాపలాదారు పనిచేయడు.

వక్క సంగతి వేరే చెప్పాలి. పొగాకు వేసుకోం, వట్టి వక్కే గదా అని చాలామంది ధైర్యం. వక్కలో అరికొలిన్ అనే పదార్థం వున్నది. సున్నం కలిసినప్పుడు నోటిలో జరిగే రసాయన చర్య పొరను గాయపరుస్తుంది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ, పొగాకు కలవని వక్క కూడా కాన్సరు కారకమేనని తీర్మానించింది. పొగాకుకు సారా తోడైతే ప్రమాదం కూడిక లెక్కన గాక గుణకారం లెక్కన పెరుగుతుంది.

చెడిన కణాలు మొదట పొరలోపలనే పెరుగుతాయి. వాటి ఆకారం మారుతుంది, వరుస తప్పుతుంది. సూక్ష్మదర్శినిలో కనిపించే ఈ స్థితిని ‘డిస్‌ప్లేసియా’ అంటారు. పొర అడుగున సన్నని కట్ట వంటి తెర ఒకటి వుంటుంది. ఆ తెర తెగనంతవరకు అది కాన్సరు కాదు. తెర తెగి కణాలు కిందికి దిగితే కాన్సరు. డెల్టా రైతుకు ఇది తేలికగా బోధపడుతుంది. కాలువగట్టు ఒక్కసారిగా తెగదు. మొదట ఊట కనిపిస్తుంది. అప్పుడే తట్టెడు మట్టి వేస్తే సరిపోతుంది. గండి పడిన తరువాత వూరంతా కదిలినా నీరు పొలాల మీదికి రాకమానదు.

1953లో అమెరికా వైద్యుడు స్లాటర్, ఆయన సహచరులు 783 మంది రోగుల నోళ్ళు పరిశీలించి మరొక సంగతి చెప్పారు. పుండు చుట్టూ వున్న పొర పైకి బాగానే కనిపించినా, లోపల అదీ చెడివుంటుంది. చేను మొత్తం తెగులు తగిలితే మొదట ఒక దుబ్బు ఎండినట్లన్నమాట. అందుకనే ఒక పుండు తీసివేసిన తరువాత కూడా అలవాటు మానకపోతే మరొకచోట మరొకటి పుట్టవచ్చు. చికిత్స అయినవారు జీవితాంతం పరీక్ష చేయించుకుంటూ వుండాలని డాక్టర్లు చెప్పడం అందుకే.

మూడు హెచ్చరికలు

మొదటిది తెల్లమచ్చ. గుడ్డతో తుడిస్తే పోదు, రుద్దినా రాలదు. దీన్ని 1877లో హంగరీ వైద్యుడు ష్విమ్మర్ ‘ల్యూకోప్లాకియా’ అన్నాడు. తెల్లమచ్చ కనిపించగానే గుండెలు బాదుకోనక్కరలేదు. వీటిలో ఎక్కువభాగం కాన్సరుగా మారవు. కాని ఏది మారుతుందో, ఏది మారదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

రెండవది ఎర్రమచ్చ. మఖమలు గుడ్డవలె మెత్తగా, ఎర్రగా వుంటుంది. అరుదుగా కనిపిస్తుంది గాని, తెల్లమచ్చ కంటె ఇది చాలా ప్రమాదకరమైనది. 1975లో షాఫర్, వాల్డ్రన్ అనే అమెరికా పరిశోధకులు ఇటువంటి మచ్చలను పరీక్షిస్తే, నూటికి తొంభైవరకు అప్పటికే కాన్సరుగానో, దానికి అతి సమీపంలోనో వున్నాయి.

మూడవది నోరు బిగిసిపోవడం. వక్క, గుట్కా నమిలేవారికి బుగ్గల లోపలి పొర కింద నారవంటి పదార్థం పేరుకొని, మెత్తని బుగ్గ తోలుపట్టీలాగా గట్టిపడుతుంది. మొదట కారం తగిలితే మంట. తరువాత నోరు కొద్దికొద్దిగా మూసుకుపోతుంది. చివరకు పెద్ద ముద్ద పట్టదు. ఒకప్పుడు పెద్దవయసు వారిలో చూసిన ఈ జబ్బును ఇప్పుడు డాక్టర్లు కాలేజీ కుర్రవాళ్ళలో చూస్తున్నారు. మీ అబ్బాయి కారం తినలేనంటున్నాడా? ఇదివరకు మింగిన ముద్ద ఇప్పుడు పట్టడంలేదా? గారాబమని కొట్టిపారేయకండి. మూడు వేళ్ళు నిలువుగా కలిపి నోటిలో పెట్టమని చూడండి. పట్టకపోతే డాక్టరుకు చూపించండి.

ఈ మూడింటికి తోడు, రెండు మూడు వారాలైనా మానని పుండు, కారణం లేకుండా కదిలే పన్ను, తగ్గని మొద్దుబారడం, మెడలో గడ్డ, మింగేటప్పుడు ఇబ్బంది కూడా అనుమానించదగినవే. రెండు వారాల గడువు ఎందుకో చదువరులు ఇప్పటికే గ్రహించి వుంటారు. పొర కొత్తది కావడానికి పట్టే కాలమది. ఆ గడువు దాటినా మానలేదంటే, మాననివ్వని కారణమేదో లోపల వున్నట్లు.

టార్చిలైటు గెలిచింది

నోరు తెరిచి చూడడంవల్ల నిజంగా చావులు తగ్గుతాయా? దీనికి జవాబు కేరళనుండి వచ్చింది. తిరువనంతపురం జిల్లాలో 1996లో ఒక పరిశోధన ప్రారంభించారు. 13 పంచాయతీలలో 35 ఏళ్లు దాటినవారిని, మొత్తం లక్షా తొంభై వేలమందికి పైగా ఎన్నుకున్నారు. కొన్ని పంచాయతీలలో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్లి మూడేళ్లకొకసారి నోళ్ళు చూశారు. తక్కినచోట్ల ఎప్పటి వైద్యమే జరిగింది. ఈ కార్యకర్తలు డాక్టర్లు కారు, నర్సులు కారు. మామూలు డిగ్రీ చదివి, ఈ పనిలో తర్ఫీదు పొందినవారు. వారి ఆయుధం ఒక టార్చిలైటు.

2005లో ఫలితాలు వెలువడ్డాయి. పొగాకో, మద్యమో అలవాటున్నవారిలో నోటి కాన్సరు మరణాలు, నోళ్ళు చూసిన పంచాయతీలలో సుమారు మూడోవంతు తగ్గాయి. ఏ ఖరీదైన యంత్రమూ లేకుండా, కేవలం చూడడంవల్ల సాధించిన ఫలితమిది.

అలవాటు మానితే ఫలితముంటుందా అన్న ప్రశ్నకు శ్రీకాకుళం మళ్ళీ సాక్ష్యం చెప్పింది. మెహతా బృందంవారు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో ముప్పైయారువేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఎన్నుకొని, ఏటేటా నోరు చూస్తూ, మానమని నచ్చజెప్పారు. సినిమాలు చూపించారు, గోడపత్రికలు అంటించారు. 1986లో ప్రకటించిన ఫలితాలనుబట్టి, అంతకుముందుకంటె ఎక్కువమంది అలవాటు మానారు. మానినవారిలో కొత్త మచ్చలు పుట్టడం తగ్గింది. ఇరవైయేళ్లు కాల్చిన తరువాత మానితే ఏం లాభమని నిట్టూర్చేవారికి ఇదే సమాధానం.

మన ప్రభుత్వం కూడా ఈ దారి పట్టింది. ముప్పైయేళ్లు దాటినవారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు కాన్సర్లకు పరీక్షలు చేయాలని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ పద్ధతి నిర్ణయించింది. వూళ్ళో తిరిగే ఆరోగ్య కార్యకర్త మీ ఇంటికి వచ్చి నోరు తెరవమంటే, “మాకేం జబ్బమ్మా, పక్కింటికి వెళ్ళు” అని పంపివేయకండి.

పరిశోధనశాలలలో కొత్త పద్ధతులు వస్తున్నాయి. మచ్చ మీద నీలిరంగు పూసి చూడడం, చిన్న కుంచెతో కణాలను గీకి పరీక్షించడం, ప్రత్యేకమైన వెలుతురులో చూడడం, లాలాజలంలో గుర్తులు వెదకడం, సెల్‌ఫోనుతో తీసిన ఫొటోను దూరాన వున్న డాక్టరుకు పంపడం మొదలైనవి. ఇవన్నీ దారి చూపే దీపాలే. చివరి తీర్పు మాత్రం ఈనాటికీ ముక్క పరీక్షదే.

“కత్తి తగిలితే పాకుతుంది”

ఈ ముక్క పరీక్ష దగ్గరనే మనవాళ్ళు వెనుకంజ వేస్తారు. “రాచపుండుకు కత్తి తగిలించకూడదు, తగిలిందా ఒళ్ళంతా పాకుతుంది” అనే మాట మన గ్రామాలలో తరతరాలుగా వినబడుతున్నది. ఆ నమ్మకం ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. పూర్వం జబ్బు పూర్తిగా ముదిరిన తరువాతనే ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారు. కోత అయిన కొద్దికాలానికే రోగి పోయేవాడు. చంపింది ఆలస్యం, నింద పడింది కత్తి మీద.

నిజానికి బయాప్సీ అంటే, మత్తుసూది యిచ్చి, మచ్చనుండి గోరంత ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడడం. కొద్ది నిమిషాల పని. దానివల్ల జబ్బు పాకదు. అది లేకుండా చికిత్స నిర్ణయించడం, తీర్పు లేకుండా శిక్ష వేయడం వంటిది.

రెండవ ఆటంకం నొప్పి లేకపోవడం. “నొప్పి లేదు గదా, అదే పోతుందిలే” అంటారు. మామూలు నోటిపూత సలుపుతుంది, అయిదారు రోజులలో తగ్గుతుంది. ఈ పుండు మొదటిదశలో సలపదు, తగ్గదు. నొప్పి లేకపోవడమే దీని దొంగబుద్ధి. మూడవ ఆటంకం నాటువైద్యం. మందో, పసరో, లేపనమో పూస్తూ కూర్చుంటే నెలలు దొర్లిపోతాయి.

ఆ నెలలకు ఖరీదెంతో చూడండి. మొదటిదశలో పట్టుబడినవారిలో నూటికి ఎనభైమంది దాకా అయిదేళ్ల తరువాత కూడా క్షేమంగా వుంటారు. చిన్న ఆపరేషనుతో సరిపోవచ్చు. మాట, ముఖం, తిండి చాలావరకు నిలుస్తాయి. మెడలోని గ్రంథులకు పాకిన తరువాత ఆ సంఖ్య సగానికి, అంతకంటె కిందికి దిగిపోతుంది. దవడ ఎముక తీయవలసి వస్తుంది. కిరణ చికిత్స, మందులు, నెలల తరబడి పట్నవాసం, అప్పులు తప్పవు. సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లంతా మంచాన పడినట్లే గదా!

ఇంట్లో రెండు నిమిషాలు

నెలకొకసారి, ఏ అమావాస్యనాడో, ఒకటో తేదీనాడో జ్ఞాపకముండేలా పెట్టుకొని ఇంటిల్లిపాదీ నోరు చూసుకోవడం అలవాటు చేసుకోండి. చేతులు కడుక్కోవాలి. కట్టుడు పళ్లుంటే తీసివేయాలి. వెలుతురుకు ఎదురుగా అద్దం పెట్టుకొని టార్చి వెలిగించాలి. పెదవులు మడిచి లోపలివైపు చూడాలి. వేలితో బుగ్గలు పక్కకు లాగి రెండువైపులా చూడాలి. చిగుళ్ళు చూడాలి. తల వెనుకకు వాల్చి అంగిలి చూడాలి. నాలుక బయటికి చాపి, శుభ్రమైన గుడ్డతో కొస పట్టుకొని రెండు అంచులూ చూడాలి. నాలుక పైకెత్తి అడుగున చూడాలి. చివరకు దవడల కింద, మెడ రెండువైపులా వేళ్ళతో తడిమి గడ్డలేమైనా వున్నాయేమో చూడాలి. ఒకవైపు వున్నది రెండవవైపు కూడా అలాగే వుంటే సాధారణంగా భయం లేదు. ఒకవైపే తేడా కనిపిస్తే అనుమానించాలి.

పెద్దవారికి చూపు ఆనదు. వారి నోరు పిల్లలే చూడాలి. “మామయ్యగారూ, ఒక్కసారి నోరు తెరవండి” అని కోడలు అడగడానికి బిడియపడుతుంది. మనుమరాలు అడిగితే ఏ తాతగారైనా కాదనడు. చేతికి టార్చి యిచ్చి తాతగారి దగ్గరకు మనుమరాలిని పంపండి. వెలుతురు పట్టేందుకు పసిచేయి చాలు, చూసేందుకు వెనుక మీరు వుండండి.

అనుమానం కలిగితే వూళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, పళ్ల డాక్టరు దగ్గరగాని మొదట చూపించండి. కంకిపాడు పరిసరాలవారికి విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాల గంట ప్రయాణంలో వున్నది. కాన్సరు అని తేలితే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా కాన్సరు విభాగమున్నది. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి పనిచేస్తున్నది. అలవాటు మానదలచినవారికి 1800-11-2356 అనే ఉచిత టెలిఫోను ద్వారా సలహా దొరుకుతుంది. ఇంట్లోవారు దెప్పిపొడుపులు మాని కొన్నాళ్లు ఓపికపట్టడం కూడా మందులో భాగమే. మానిన మొదటి కొద్ది వారాలూ చిరాకు, నిద్రలేమి సహజం.

శ్రీకాకుళపు పల్లెలలో ఆ అవ్వలు తమ నోళ్ళు తెరిచి డాక్టర్లకు చూపించారు. వారిలో చాలామందికి తమ అంగిలి శాస్త్రానికి పాఠ్యపుస్తకమవుతుందని తెలియదు. వారివల్ల ప్రపంచానికి తెలిసిన సంగతి ఒక్కటే: ఈ జబ్బు చెప్పి వస్తుంది. నెలల ముందు కాదు, ఏళ్ల ముందే చెబుతుంది. అంత వ్యవధి యిచ్చే శత్రువు మరొకటి లేదు. ఆ వ్యవధిని పోగొట్టుకోవడమా, వాడుకోవడమా అన్నది మన ఇంట్లో టార్చిలైటు ఎవరి చేతిలో వున్నదన్న దానిమీద ఆధారపడి వుంటుంది.